ఉనైసి వదిన కారు కొండ దిగిన రోజు

ఉనైసి వదిన కొత్త కారు మా ఊళ్లోకి వచ్చిన రోజు చర్చి ముందు మైదానంలో ఊరంతా నిలబడింది. మా దీవి తీరం వెంబడి తిరిగే బళ్లన్నీ జపాను వాళ్లు వాడి వదిలించుకున్నవే. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యని బండిని మేమెవరం అంత దగ్గరగా చూసి ఎరగం. పిల్లలు బానెట్ నిండా మందారాలు పేర్చారు. పాస్టరుగారు దాని మీద చెయ్యి పెట్టి, పసిబిడ్డకి బాప్తిస్మం ఇస్తున్నంత శ్రద్ధగా ప్రార్థన చేశారు. ఆమెన్ అనుకున్నాక వదిన, లబాసా పట్నం నుంచి కొండ దాటి తెచ్చిన ఆ బండిని మళ్లీ స్టార్ట్ చేసి, ఊరి ముందు ఒక్క చుట్టు తిప్పడానికి బయల్దేరింది.

ఫస్ట్ గేరు ఎలాగో పడింది. కాస్త దూరం పోయాక సెకండ్‌లోకి మార్చబోయింది. రేకు డబ్బాని కొబ్బరికోరాము మీద పెట్టి గీకినట్టు ఒక చప్పుడొచ్చింది. బండి ఎగిరి ఆగింది. మందారాలన్నీ నేల రాలాయి.

 మా అన్న సైరూసి గొంతెత్తి అరిచాడు.

"మరదలా! అది కారే, కొబ్బరికోరాము కాదు! కూర వండేటప్పుడు కోరుదువుగాని, ఇప్పుడు నడుపు!"

మైదానమంతా నవ్వులే నవ్వులు. వదిన కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? ఆమె మా మేనమామ కూతురు. మాలో మేనత్త బిడ్డలకీ మేనమామ బిడ్డలకీ మధ్య వేళాకోళానికి హద్దులేదు. అంటే పడాలి, చేతనైతే తిరిగి అనాలి, మొహం ముడుచుకుంటే మాత్రం తప్పు. కానీ పక్కనే నిలబడ్డ నాకు స్టీరింగు మీద ఆమె వేళ్లు తెల్లబడటం కనిపించింది.

వదిన లోయ ఎగువనున్న ప్రైమరీ స్కూల్లో టీచరు. బస్సు పొద్దున ఒకసారి పైకి పోతుంది. తిరుగు బస్సు పిల్లలు ఇంకా క్లాసులో ఉండగానే వెళ్లిపోతుంది. ఏళ్ల తరబడి నడిచీ, దుంగల లారీలు ఆపి ఎక్కీ విసిగిపోయి, నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుంది. నేర్పింది సైరూసి అన్నే. సవుసవు బజారులో టాక్సీ నడిపీ నడిపీ అతని కుడి మోచెయ్యి కిటికీ ఎండకి ఎడమదాని కంటే నల్లబడింది. నేర్పినన్నాళ్లూ తిట్టాడు, పరీక్ష పాసైన రోజున అందరికంటే ముందు తనే కవ వేళ్ల పొడి నీళ్లలో కలిపి అందరికీ పంచాడు. అలాంటి మనిషి ముందు మొదటి రోజే పరువు పోయింది.

ఆ తర్వాత వారాలన్నీ అదే వరస. పొద్దున బయల్దేరేటప్పుడు గేర్లు చక్కగా పడేవి. స్కూలు కొండ ఎక్కేసరికి మొదలయ్యేది. సెకండ్‌లోకి తోస్తే మొండికేసేది. రివర్స్‌లోకి లాగితే ఏడ్చేది. స్కూలు గేటు దగ్గర ఆమె రివర్స్ వేస్తున్నంతసేపూ పిల్లలు చెవులు మూసుకుని నిలబడేవాళ్లు.

ఊళ్లో ప్రతి మగాడూ ఒక సలహా చెప్పాడు. క్లచ్చు పూర్తిగా తొక్కడం లేదన్నాడొకడు. తొందరపడుతోందన్నాడు ఇంకొకడు. చెప్పులు మార్చమన్నాడు మరొకడు, బండి అసలు తోలెరగనివాడు. చివరికి ఒక ఆదివారం పొద్దున, చర్చి అయ్యాక, సైరూసి అన్న తాళాలు తీసుకుని మైదానంలో రెండు చుట్లు తిప్పాడు. గేర్లు వెన్నలో కత్తి దిగినట్టు దిగాయి.

"చూశావా?" అన్నాడు దిగి, తాళాలు ఆమె చేతిలో పెడుతూ. "బండికి ఏ రోగమూ లేదు మరదలా. రోగమంతా నీ ఎడమ కాలిది. దాన్ని ఆస్పత్రిలో చేర్పించు."

"నీ నోటిని కూడా పక్క మంచం మీద చేర్పిస్తాను బావా, తోడుగా ఉంటుంది," అంది వదిన. అందరూ నవ్వారు. ఆ రాత్రి అన్నం దగ్గర మాత్రం ఆమె చేప ముక్కని కెలుకుతూ కూర్చుంది.

"వసితీ, నిజంగా నా కాలేనంటావా?" అంది నాతో.

నాకు బండి నడపడం రాదు. ఏమని చెప్పను? "షోరూమ్ వాళ్లనే అడుగుదాం వదినా," అన్నాను.

సెలవు రోజు చూసుకుని ఇద్దరం లబాసా వెళ్లాం. షోరూమ్ మేనేజరు రవ్నీల్ అని కుర్రవాడు, ఇస్త్రీ చొక్కా, మర్యాదగల మనిషి. మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ఆ టీ తాగి, ఎవరెవరో వచ్చి పోయి, అతనికి తీరిక చిక్కేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడు బండి తీసుకుని బజారు చుట్టి వచ్చాడు. నవ్వుతూ దిగాడు.

"చాలా బాగుంది మేడమ్. కొత్త బండి కదా, మొదట్లో కొంచెం టైటుగా ఉంటుంది. తిరగ్గా తిరగ్గా వదులవుతుంది." కాస్త ఆగి, మెల్లిగా అడిగాడు. "లైసెన్సు ఎప్పుడొచ్చింది మేడమ్?"

వదిన చెప్పింది. అతను తలూపాడు. అతని మొహంలో వెటకారం లేదు. అదే బాధ. వెటకారమైతే తిరిగి ఒక మాట అనొచ్చు. అతను ఒక కుర్చీ లాగి, అందులో కూర్చుని, లేని క్లచ్చుని ఎడమ కాలితో నేలదాకా తొక్కి చూపించాడు. "ఇలా, పూర్తిగా. ఆడవాళ్లు సాధారణంగా సగమే తొక్కుతారు. మీరు చేసి చూపించండి."

ఇరవై ఏళ్లుగా పిల్లలకి అక్షరాలు దిద్దించిన టీచరు ఆ షోరూమ్‌లో అందరి ముందూ కుర్చీలో కూర్చుని, గాల్లో కాలు తొక్కి చూపించింది. నేను గోడ మీద కేలండరు చూస్తూ నిలబడ్డాను.

తిరుగు దారిలో కొండ మీద సెకండ్ మళ్లీ ఏడ్చింది. 

ఇంకొకరైతే ఆ బండిని కొట్టంలో పెట్టి బస్సెక్కేవాళ్లు. వదిన అలా చెయ్యలేదు. తప్పు తనదేనని నమ్మింది, నమ్మింది కాబట్టి దిద్దుకోవడానికి పూనుకుంది. రోజూ స్కూలు వదిలాక, కొండ దిగి వచ్చిన బండిని నేరుగా మైదానంలోకి తీసుకొచ్చేది. నన్ను పక్కన కూర్చోమనేది. చెప్పులతో తొక్కింది, చెప్పులు విడిచి తొక్కింది. సీటు ముందుకు జరిపింది. క్లచ్చు నేలకి అంటేదాకా తొక్కినా గేరు ఏడుస్తూనే ఉంది. కొన్నాళ్లకి తొక్కడం గురించి పట్టించుకోవడం మానేసి, వినడం మొదలుపెట్టింది.

ఆమె చెవి మంచిది. స్కూల్లో పిల్లలకి స్వరాలు చెప్పేది ఆమే. చర్చి పాటల బృందంలో రెండో గొంతు పాడుతుంది. పక్క మనిషి వెంట్రుకవాసి తప్పినా మోచేత్తో పొడుస్తుంది.

"విను," అనేది నాతో. "ఇప్పుడు గేరు తీసేశాను. ఇంజను గొంతు దిగుతోంది. దిగుతోంది... దిగుతోంది... ఇదిగో ఇక్కడ!" అప్పుడు రెండు వేళ్లతో నెట్టేది. గేరు చప్పుడు లేకుండా లోపలికి పోయేది. పై గేరు నుంచి కిందికి రావాలంటే వేరే పద్ధతి. న్యూట్రల్‌లోకి లాగి, యాక్సిలరేటర్ ఒక్కసారి చిన్నగా తన్ని, ఇంజను గొంతు పైకి లేచిన క్షణాన నెట్టాలి. ముందో వెనకో అయితే గేరు చేత తిట్టు తినాల్సిందే.

నెల తిరిగేసరికి స్కూలు కొండ మీద చప్పుడు ఆగిపోయింది. పిల్లలు చెవులు మూసుకోవడం మానేశారు. ఆమె మొహం వెలిగింది.

"నిజంగానే నా తప్పే వసితీ. చూడు, ఇప్పుడు పడుతోందిగా," అంది.

నేనూ అలాగే అనుకున్నాను.

ఆగస్టులో లబాసాలో చర్చి బృందాల పాటల పోటీ వచ్చింది. మా బృందం శనివారం తెల్లవారకముందే బస్సెక్కి వెళ్లిపోయింది. తరైవిని బూబూ మాత్రం బస్సెక్కదు. ఆవిడ ఊరందరికీ అమ్మమ్మ, మా బృందంలో పాట ఎత్తేది ఆవిడే. కొండ మలుపుల్లో బస్సు వాసనకి ఆవిడకి కడుపులో తిప్పి, దిగేసరికి గొంతు పోతుంది. ఆవిడ ఎత్తకపోతే మా పాట మొదలవ్వదు. అందుకని బూబూని వదిన కారులో తీసుకెళ్లాలని తేలింది. తోడుగా నేను. బృందంలో మంద్ర గొంతు సైరూసి అన్నది. బస్సులో చోటున్నా, తన టాక్సీ ఇంటి దగ్గర వదిలేసి మరీ మా కారు ముందు సీట్లో ఎక్కాడు.

"మరదలి కాలుకి కాపలా ఉండాలిగా," అన్నాడు.

తెల్లటి బట్టలు నలగకుండా కూర్చున్నాం. బూబూ ఒళ్లో అరటాకులో చుట్టిన కర్రపెండలం. ఎండ పడేసరికి సవుసవు దాటి కొండెక్కడం మొదలుపెట్టాం. వదిన గేర్లు మారుస్తుంటే చప్పుడే లేదు. అన్నకి అనడానికి ఏమీ దొరకలేదు. అరగంటసేపు ఓర్చుకుని, చివరికి, "హారను బాగా కొడుతున్నావు మరదలా," అన్నాడు.

శిఖరానికి కాస్త ఇవతల ఆవులు రోడ్డుకి అడ్డం వచ్చాయి. వదిన బ్రేకు వేసి, క్లచ్చు తొక్కింది. బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది.

ఆమె కిందికి చూసింది. క్లచ్చు పెడలు నేలకి అతుక్కుపోయి ఉంది. కాలు తీసినా పైకి రాలేదు. కాలి బొటనవేలితో లేపింది. వేలు తియ్యగానే చచ్చిన చేపలా మళ్లీ కింద పడింది.

"లేవవే," అన్నాడు అన్న. ఆమె దిగింది, అతను ఆ సీట్లో కూర్చున్నాడు. గేరు న్యూట్రల్‌లో పెట్టి ఇంజను స్టార్ట్ చేసి, ఫస్ట్‌లోకి తోశాడు. కొండంతా వినబడేట్టు గేరు అరిచింది. రివర్స్, అదీ అంతే. ఇంజను ఆపి తోశాడు. మెత్తగా పడింది. మళ్లీ స్టార్ట్ చేసి తోశాడు. అరిచింది. అతను వంగి క్లచ్చు పెడలుని చేత్తో పైకీ కిందికీ ఆడించి చూశాడు. 

"క్లచ్చు పోయింది," అన్నాడు. "ఇవాళ పోలేదు మరదలా. మొదట్నుంచీ ఇది సరిగ్గా విడవటం లేదు. వేడెక్కితే అసలు విడవటం లేదు. నేనూ ఆ షోరూమ్ వాడూ చల్లగా ఉన్నప్పుడు నడిపాం."

వదిన అతన్ని చూసింది. ఆవుల్ని చూసింది. తన ఎడమ కాలి వైపు చూసుకుంది.

"అంటే నా కాలు కాదా?"

"కాదు."

"ఇంకోసారి చెప్పు."

"నీ కాలు బంగారం. చాలా?"

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. రోడ్డు మధ్యలో, తెల్ల బట్టల్లో, నడుం మీద చేతులు పెట్టుకుని, కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వింది. ఆవులు కూడా తలలెత్తి చూశాయి. బూబూ కిటికీలోంచి తల బయటికి పెట్టి, "పిల్లా, నవ్వు మధ్యాహ్నం నవ్వుదువుగాని. అక్కడ పిల్లలు నేను లేకుండా స్టేజీ ఎక్కుతారు. ఇప్పుడేం చేద్దాం?" అంది.

ఏదైనా బండి వస్తే బూబూని ఎక్కించి పంపుదామన్నాడు అన్న. ఎదురుచూశాం. ఒక వ్యాను మనుషుల్ని కిటికీల దాకా కుక్కుకుని పోయింది. ఒక దుంగల లారీ వచ్చింది. దాని పొగ వాసన తగలగానే బూబూ రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. తర్వాత గాలి తప్ప ఏమీ రాలేదు.

వదిన కళ్లు తుడుచుకుంది. "ఎక్కండి," అంది.

"ఎక్కి?"

"శిఖరం దాకా మీరిద్దరూ తోస్తారు. అవతల దిగుడు. బండి కదిలాక సెకండ్‌లో పెట్టి స్టార్ట్ చేస్తాను."

"దిగుతావు సరే. గేర్లు ఎలా మారుస్తావు? క్లచ్చు లేకుండా?"

"బావా, ఇన్నాళ్లూ ఈ బండిలో క్లచ్చు ఉందని నువ్వనుకున్నావు, నేనూ అనుకున్నాను. లేదని ఇప్పుడేగా తెలిసింది. మరి నేను మారుస్తున్నది దేంతో?"

 నాకు మైదానంలో ఆమె రెండు వేళ్లు గుర్తొచ్చాయి. తోసేముందు అన్న బ్రేకులు తొక్కించి చూశాడు. గట్టిగానే ఉన్నాయి. హ్యాండ్ బ్రేకూ బాగుంది. ఇక తోశాం. అన్న తెల్ల చొక్కా వీపుకి అంటుకుపోయింది. శిఖరం దాటి బండి తనంతట తాను జారడం మొదలుపెట్టగానే పరుగెత్తి ఎక్కాం. వదిన తాళం తిప్పింది. బండి ఒకసారి విదిలించుకుని అందుకుంది.

ఇక దిగుడు. పైన్ చెట్ల మధ్య మలుపు మీద మలుపు. వదిన మెడ కాస్త పక్కకి వంచి వింటోంది. మలుపుకి ముందు బ్రేకు, న్యూట్రల్, యాక్సిలరేటర్ మీద చిన్న తన్ను, రెండు వేళ్లు. చప్పుడు లేదు. రోడ్డు సాగాక మళ్లీ పైకి. చప్పుడు లేదు. అన్న ముందు సీట్లో రెండు చేతులతో పైనున్న పిడి పట్టుకుని కూర్చున్నాడు. మొదటి మలుపుల్లో అతని పెదాలు కదలడం చూశాను. తర్వాత తర్వాత పిడి వదిలేశాడు. ఆమె చేతినే చూస్తూ కూర్చున్నాడు.

"ఇది నేను నేర్పలేదు," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

"మాట్లాడకు, వినబడటం లేదు," అంది వదిన.

కొండ దిగాక చెరకు తోటలు మొదలయ్యాయి. అసలు కష్టం అక్కడే. గానుగ కాలం కదా, రోడ్డు నిండా చెరకు లారీలు. చదును నేల మీద బండి పూర్తిగా ఆగితే ఇంజను ఆపి, ఫస్ట్‌లో పెట్టి, స్టార్టర్‌తోనే ఈడ్పించాలి. ఒకసారి అలాగే చేసింది, బండి కప్పలా గెంతి గెంతి కదిలింది. "బ్యాటరీ ఎన్నిసార్లు తట్టుకుంటుందో తెలీదు. ఇక ఆగకూడదు," అంది. ఊళ్లలో రోడ్డు మీద వేగం తగ్గించే మిట్టలు వస్తే ఫస్ట్‌లోనే మనిషి నడకతో ఎక్కించి దింపింది. చెరకు రైలు అడ్డంగా పోతుంటే దూరం నుంచే చూసి, వేగం తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ వచ్చింది. చివరి పెట్టె దాటేసరికి మేం పట్టాల మీదున్నాం.

లబాసాకి ముందు ఒకే బండి పట్టే వంతెన ఉంది. అవతలి ఒడ్డున చెరకు లారీ ఒకటి అప్పుడే ముక్కు వంతెన మీద పెడుతోంది. దారి దానిదే. మేం ఆగాలి. వంతెనకి మా వైపు ఎత్తు. ఆ ఎత్తులో ఆగితే మళ్లీ స్టార్టర్‌తో ఎక్కదు.

"బావా!" అంది వదిన.

 అన్న అప్పటికే తలుపు తీశాడు. నడక వేగంతో పోతున్న బండిలోంచి దూకి, మెడలో టై, కింద బూడిదరంగు సులు లుంగీ రెపరెపలాడుతుండగా, రెండు చేతులూ పైకెత్తి వంతెన మీద పరుగెత్తాడు. పరుగెత్తుతూ తన మంద్రస్థాయిలో అరిచాడు. ఆ అరుపుకి లారీ ఆగింది. వెనక్కి కూడా జరిగింది. డ్రైవరు, నెరిసిన మీసాల ఇండియా సంతతి ముసలాయన, తల బయటపెట్టాడు.

"ఏంటి భాయ్, ఎక్కడైనా తగలబడుతోందా?"

"మా మరదలు వస్తోంది! ఆపలేదు!"

"బ్రేకులు లేవా?"

"బ్రేకులున్నాయి, క్లచ్చు లేదు!"

మేం వంతెన దాటి లారీ పక్కనుంచి పోతుంటే ఆ ముసలాయన వదినకి సెల్యూట్ కొట్టాడు. అన్న మా వెంట పరిగెత్తి, తలుపు పట్టుకుని, లోపలికి పడ్డాడు. ఊపిరి అందడం లేదు.

"ఈ గొంతుతో ఇక నేనేం పాడతాను," అన్నాడు రొప్పుతూ.

"నీ గొంతు ఇప్పుడే బాగుంది," అంది బూబూ.

హాలు ముందు మా వాళ్లు బారులు తీరి మా కోసమే చూస్తున్నారు. మా బృందం పేరు అప్పటికే ఒకసారి పిలిచారట. వదిన గేటులోంచి లోపలికి తిప్పి, న్యూట్రల్‌లోకి లాగి, మెల్లిగా జారనిచ్చి, వేప చెట్టు నీడలో ఆపింది. బూబూ దిగింది. బట్టలు సర్దుకుంది. నోట్లో ఇంకా కర్రపెండలం నములుతూనే లోపలికి నడిచింది.

ఆ రోజు బూబూ ఎత్తిన ఎత్తుకి హాలు కప్పు లేచిపోయిందనుకున్నాను. మా వెనక మగవాళ్ల గొంతులు నేల కిందనుంచి వచ్చినట్టు వచ్చాయి. నా పక్కన వదిన గొంతు ఎన్నడూ అంత నిండుగా లేదు. పాట అయ్యాక చప్పట్లు ఎంతకీ ఆగలేదు. మాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది లబాసా వాళ్లకే. "న్యాయనిర్ణేతల చెవుల్లో చెరకు పిప్పి ఉంది," అంది బూబూ, షీల్డు ఒళ్లో పెట్టుకుని.

వదిన మాత్రం షీల్డు చూడలేదు. "షోరూమ్ ఇంకా తెరిచే ఉంటుంది," అంది.

షోరూమ్ అక్కడికి దగ్గరే. ఆమె బండి ఎక్కి స్టార్టర్‌తో ఈడ్పించింది. అన్న ముందు నడిచి దారి చేశాడు. మిగిలిన వాళ్లం, బృందం బృందమంతా, తెల్ల బట్టల్లో వెనక నడిచాం. ఎవరో పాట అందుకున్నారు. అందరం కలిశాం. బజారులో జనం కొట్లలోంచి బయటికొచ్చి చూశారు.

రవ్నీల్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పాపం, అంతమంది గాయకులు ఎందుకొచ్చారో అతనికేం తెలుసు, చిరునవ్వు నవ్వాడు. వదిన దిగి తాళాలు అతని చేతిలో పెట్టింది.

"బాబూ, ఒక చుట్టు తిప్పి తీసుకురా."

అతను ఎక్కాడు. స్టార్ట్ చేశాడు. క్లచ్చు తొక్కాడు, అతని మొహం మారింది. గేరు తోశాడు. బండి అరిచింది. మళ్లీ తోశాడు. మళ్లీ అరిచింది. మా బృందం మొత్తం ఒక్క గొంతుతో "అయ్యో" అంది, నాలుగు స్వరాల్లో. అతను దిగి, లోపలి నుంచి మెకానిక్కుని పిలిచాడు. మెకానిక్కు బానెట్ ఎత్తాడు, కిందికి దూరాడు, నల్లగా తడిసిన వేళ్లతో బయటికొచ్చాడు.

"లోపల రబ్బరు సీలు సార్. తయారీలోనే తేడా ఉంది. వేడెక్కినప్పుడల్లా క్లచ్చు ఆయిల్ కారి కారి ఇప్పుడు మొత్తం పోయింది."

రవ్నీల్ బండిని లాక్కొచ్చిన లారీ ఏదైనా ఉందేమోనని వీధిలోకి తొంగి చూశాడు. "లబాసా దాకా బండిని దేని మీద తెచ్చారు?" అన్నాడు.

"చక్రాల మీద," అన్నాడు అన్న.

"క్లచ్చు ఊరవతల పోయిందా?"

"కొండ మీద పోయింది. శిఖరానికి అవతల."

రవ్నీల్ నోరు తెరిచాడు. అన్న కండలు తిరిగిన చేతుల్నీ, చెమటతో తడిసిన చొక్కానీ చూసి, అతని చెయ్యి పట్టుకున్నాడు. "క్లచ్చు లేకుండా ఆ కొండ దింపారా? మీరు మామూలు డ్రైవరు కాదన్నా!"

మా అన్న సంగతి నాకు తెలుసు. ఒక్క క్షణం ఆ చెయ్యి వదలబుద్ధి కాలేదు అతనికి. తర్వాత వదిలేశాడు.

"నేను కాదు తమ్ముడూ. మా మరదలు. నేను పక్కన కూర్చుని దేవుణ్ణి తలుచుకున్నాను. మధ్యలో దిగి పరిగెత్తాను. ఇంతకాలంగా బండి నడుపుతున్నాను, నా వల్ల అయ్యేది కాదు." గొంతు పెంచి, బృందమంతటికీ వినబడేలా అన్నాడు. "ఆ కాలుని అన్నన్ని మాటలన్నాను. ఇవాళ్టి నుంచి ఎవరైనా ఆ కాలుని ఏమన్నా అంటే నా దగ్గరికి రండి!"

బృందం చప్పట్లు కొట్టింది. హాలులో కొట్టినవాటికంటే ఇవే గట్టిగా వినిపించాయి నాకు.

రవ్నీల్ వదిన ముందుకొచ్చాడు. "మేడమ్, ఆ రోజు మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టాను. తప్పయింది. నేను కొండ మీదికి తీసుకెళ్లి చూడాల్సింది."

వదిన అతన్ని కాసేపు చూసింది. క్లాసులో తప్పు ఒప్పుకున్న పిల్లాణ్ణి చూసే చూపు అది. "అవును, చూడాల్సింది," అంది. "ఇకమీదట ఏ ఆడమనిషైనా గేరు పడటం లేదంటే, బండి వేడెక్కేదాకా నడిపి చూడు. తర్వాత కావాలంటే కుర్చీ వెయ్యి."

"అలాగే మేడమ్."

సీలొక్కటే కాదు, క్లచ్చు మొత్తం కొత్తది వేసి ఇచ్చారు. బండి తెచ్చుకోవడానికి నేనూ వెళ్లాను. షోరూమ్ గేటు దాటగానే వదిన ఎప్పటిలా ఇంజను గొంతు దిగేదాకా ఆగి సెకండ్‌లోకి నెట్టబోయింది. అప్పటికే పడిపోయింది. ఆమె ఉలిక్కిపడింది. థర్డ్, ఫోర్త్. వేలు తగిలితే చాలు. కొండ మొదట్లో ఒక టాక్సీనీ, సగంలో రెండు లారీల్నీ దాటేసింది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాలిని చరుస్తూ కేక పెట్టింది. నలభై దాటిన టీచరు పెట్టే కేక కాదది. నేనూ పెట్టాను. శిఖరం మీద ఆపకుండానే అవతలికి దూకాం.

ఆ సాయంత్రమే అడిగాను, నాకూ నేర్పమని.

ఇప్పుడు రోజూ స్కూలు అయ్యాక మైదానంలో నేను స్టీరింగు దగ్గర కూర్చుంటాను, వదిన పక్కన. మొన్న సెకండ్‌కి మారుస్తుంటే బండి నా చేతిలో గెంతి ఆగిపోయింది. గట్టు మీద కూర్చున్న సైరూసి అన్న నోరు తెరవబోయాడు.

వదిన కిటికీలోంచి తల బయటపెట్టింది. "బావా, ఒక్క మాటన్నా అనకుండా వచ్చి వెనక సీట్లో కూర్చో. నీక్కూడా నేర్చుకునేది ఉంది."

అతను చెప్పులు దులుపుకుని, వచ్చి, వెనక కూర్చున్నాడు. నేను మళ్లీ తాళం తిప్పాను.